తమ్ముడు అమెరికాలో ఎంఎస్ చదువుతున్నాడు, ఇక్కడ పంట పోయింది, నాయిన మంచాన పడ్డాడు. బయట పని చేసుకోవడానికి పర్మిషన్ దొరుకుతుందా?

దేవరకొండ_అక్క:

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. మా తమ్ముడు 2025 జనవరిలో ఎంఎస్ కోసం అమెరికా పోయాడు. రెండు సెమిస్టర్లు అయిపోయినాయి, మార్కులు బాగానే ఉన్నాయి, ఇప్పుడు మూడోది మొదలైంది. బ్యాంకు లోన్ కొంత, నాయిన పత్తి మీద, పొలం మీద పెట్టుకున్న నమ్మకం కొంత, ఆ లెక్కతోనే పంపించాం.

2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానలు మా దిక్కు ఎట్లా కొట్టినాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. చేను మీద ఉన్న పత్తి మొత్తం తడిసి నల్లబడ్డది. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు తేమ 12 శాతం దాటితే కొనరు కదా, క్వింటాలుకు 8,110 మద్దతు ధర అని పేపర్లో చదువుకోవడమే మిగిలింది, ఉన్న కొంత ప్రైవేటు వ్యాపారికి వచ్చిన కాడికి ఇచ్చేశాం. ఆ టెన్షన్‌లోనే నాయినకు పక్షవాతం వచ్చింది. హైదరాబాద్‌లో ఆస్పత్రి బిల్లు కట్టడానికి రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చాం. ఇప్పుడు తమ్ముడికి ఈ సెమిస్టర్ ఫీజులో సగం కట్టాలి, రూమ్ కిరాయి, తిండి వేరే. లోన్ తీసుకున్నప్పుడు డాలర్ 83, 84 రూపాయలు లెక్క వేసుకున్నాం, డిసెంబర్‌లో 90 దాటింది. అంటే బ్యాంకు ఇస్తానన్న రూపాయలు అవే, అక్కడ చేరే డాలర్లు తక్కువ.

తమ్ముడి క్లాసులో యుక్రెయిన్ అబ్బాయి ఒకడు బయట లీగల్‌గా పని చేస్తున్నాడట, దేశంలో కష్టాలు వస్తే విద్యార్థులకు ప్రత్యేక పర్మిషన్ ఇస్తారని చెప్పాడట. అదే టైమ్‌కు వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది, ఇండియా వాళ్లకు కూడా వచ్చింది అని. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ అతనికి ఫోన్ చేస్తే, అవునమ్మా, 60 వేలు కట్టండి, మేమే చేయిస్తాం అంటున్నాడు. నిజమేనా? తమ్ముడు సగంలో వదిలేసి వచ్చేస్తా అంటున్నాడు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, నా జీతంతో అయ్యేది కాదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జడ్చర్ల_నుంచి_డల్లాస్:

అక్కా, ముందు ఆ 60 వేలు కట్టకండి. మెసేజ్ అబద్ధం.

యుక్రెయిన్ అబ్బాయి చెప్పింది మాత్రం నిజం. దాన్ని స్పెషల్ స్టూడెంట్ రిలీఫ్ అంటారు. ఏదైనా దేశంలో యుద్ధమో, భూకంపమో, ఆర్థిక సంక్షోభమో వచ్చి అక్కడినుంచి డబ్బులు రావడం ఆగిపోతే, ఆ దేశ విద్యార్థులకు కొన్ని రూల్స్ సడలిస్తూ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ, అమెరికా ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో నోటీసు వేస్తుంది. ఆ నోటీసు కింద వచ్చేవాళ్లు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు దాటి పని చేయొచ్చు, పని పర్మిషన్ కార్డు తీసుకుని బయట కూడా చేయొచ్చు, క్రెడిట్లు తగ్గించుకున్నా ఫుల్‌టైమ్ కిందే లెక్క. డిగ్రీ వాళ్లకు కనీసం 6, ఎంఎస్ వాళ్లకు 3 ఉంటే చాలు. ఇది ఇప్పటిది కాదు, 1998లో ఆసియా కరెన్సీలు పడిపోయినప్పుడు ఇండోనేషియా, దక్షిణ కొరియా, థాయ్‌లాండ్, మలేషియా, ఫిలిప్పీన్స్ విద్యార్థులకు ఇచ్చారు. 2010లో హైతీకి, 2015 భూకంపం తర్వాత నేపాల్‌కు, 2022లో యుక్రెయిన్‌కు. నాతో చదివిన నేపాల్ అమ్మాయి ఒకామె దాని మీదే చదువు పూర్తి చేసింది, లేకపోతే ఆమె ఇల్లే కూలిపోయింది, ఫీజు ఎక్కడినుంచి తెస్తుంది.

కానీ అది దేశం పేరు మీద వచ్చేది. పాస్‌పోర్టు ఏ దేశానిదో చూస్తారు, నోటీసులో చెప్పిన తేదీకి ఆ విద్యార్థి సరైన స్టేటస్‌లో ఉన్నాడా చూస్తారు. ఇండియా పేరు మీద అట్లాంటి నోటీసు లేదు. ఒక రాష్ట్రంలో తుఫాను వచ్చిందని, రెండు జిల్లాల్లో పంట పోయిందని ఇవ్వరు. కాబట్టి మీ కన్సల్టెన్సీ అతను లేనిదాన్ని అమ్ముతున్నాడు.

అయితే తలుపు మూసుకుపోలేదు. దేశంతో సంబంధం లేకుండా, ఒక్కో విద్యార్థి సొంత కష్టాన్ని చూసి ఇచ్చే పర్మిషన్ వేరే ఉంది. సివియర్ ఎకనామిక్ హార్డ్‌షిప్ అంటారు. ఇదెక్కడో మూలన ఉన్న రూల్ కాదు, ఎఫ్-1 (విద్యార్థి వీసా) నిబంధనల్లోనే రాసి ఉంది. డబ్బు పంపేవాళ్ల ఆర్థిక పరిస్థితి అనుకోకుండా మారిపోవడం, మారకం రేటు బాగా పడిపోవడం, ఆస్పత్రి ఖర్చులు, ఫీజులు విపరీతంగా పెరగడం, తన తప్పు లేకుండా క్యాంపస్ ఉద్యోగమో స్కాలర్‌షిప్పో పోవడం, ఇవన్నీ పేరుపేరునా కారణాలుగా అందులో ఉన్నాయి. మీరు రాసిన నాలుగు లైన్లలోనే మూడు కారణాలు కనిపిస్తున్నాయి నాకు.

మనవాళ్లలో చాలామందికి ఇది ఉందనే తెలియదు. తెలిసినా, యూనివర్సిటీ వాళ్లకు డబ్బులు లేవని చెప్తే వీసా తీసేస్తారేమో అని భయపడి నోరు మూసుకుంటారు. ఆ భయం వల్లనే పిల్లలు చెడిపోతున్నారు, నేను ఎంతోమందిని చూశాను.

మిర్యాలగూడ_బాబాయ్:

ఇవన్నీ కాగితాల మాటలు తల్లీ. అది వచ్చేదాకా పిల్లగాడు ఏం తినాలె? మా అన్న కొడుకు బంకులో రాత్రిపూట చేశాడు, చేతికి క్యాష్ ఇచ్చారు, చదువు అయిపోయింది, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు. అందరూ చేసేదే. పిల్లగాడిని మధ్యలో వెనక్కి పిలిపిస్తే లోన్ ఎవరు కట్టాలె? పట్టా లేకుండా అప్పు ఒక్కటే మిగుల్తది. ఒక ఆర్నెల్లు ఓర్చుకొని చేసుకొమ్మను.

పాలమూరు_బిడ్డ:

బాబాయ్, మీ బాధ అర్థమైంది, మీరు మంచికోరే చెప్తున్నారు. కానీ ఈ మాట నమ్మి ఎవరైనా ఆ పని మొదలుపెడితే వెనక్కి రావడానికి దారి ఉండదు, అందుకే గట్టిగా చెప్తున్నా.

ఎఫ్-1 విద్యార్థి ఏ కారణం చేతనైనా స్టేటస్ పోగొట్టుకుంటే రీఇన్‌స్టేట్‌మెంట్ అని అడుక్కోవచ్చు, క్రెడిట్లు తక్కువయ్యాయనో, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) తేదీ దాటిందనో ఉంటే మన్నించే అవకాశం ఉంటుంది. అదే పర్మిషన్ లేకుండా పని చేసినట్టు ఉంటే ఆ అవకాశమే లేదు, నిబంధనలోనే రాశారు. రేపు ఓపీటీ (చదువును బట్టి ఇచ్చే పని పర్మిషన్) తర్వాత హెచ్-1బీ (ఉద్యోగ వీసా) పెట్టేటప్పుడు, గ్రీన్ కార్డు పెట్టేటప్పుడు కూడా అది తిరిగి అడ్డం వస్తుంది. 2025 ఏప్రిల్‌లో వేల మంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ సిస్టమ్) రికార్డులు ఒక్కసారిగా తీసేసి, కోర్టు కేసులు పడ్డాక మళ్లీ తెరిచారు, గుర్తుందా? అప్పుడు చాలామందికి పెద్ద కారణమే లేదు. అట్లాంటి రోజుల్లో మనంతట మనం కారణం చేతికివ్వడం ఎందుకు?

ఇంకోటి, క్యాష్ పనిలో జీతం ఎగ్గొట్టినా ఎవరికీ చెప్పుకోలేరు. ఆడపిల్లలకైతే అది ఇంకా పెద్ద సమస్య.

అక్కా, నేను ఈ హార్డ్‌షిప్ పర్మిషన్ మీదే చదువుకున్నాను. మాది నాగర్‌కర్నూల్ దిక్కు. నేను రెండో ఏడాదిలో ఉండగా నాయినకు యాక్సిడెంట్ అయింది, లారీ అమ్మేశాం, ఇంక పంపడానికి ఏమీ లేదు. నేను చేసినట్టు చెప్తాను, మీ తమ్ముడికి వివరాలు తేడా ఉండొచ్చు.

మొట్టమొదట యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ ఉంటారు, ఐ-20 మీద సంతకం పెట్టేవాళ్లు. వాళ్లకు మెయిల్ పెట్టి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. డబ్బుల కష్టం వచ్చిందని చెప్పుకోవడం నేరం కాదు. ఆ ఆఫీసు రోజూ చేసే పనే అది, మనకు సిగ్గు గానీ వాళ్లకు కొత్త కాదు. వాళ్లు చూసేవి ఇవి: ఎఫ్-1లో ఒక పూర్తి విద్యా సంవత్సరం అయ్యిందా, మార్కులు సరిగ్గా ఉన్నాయా, పని చేసినా ఫుల్‌టైమ్ చదువు సాగుతుందా, క్యాంపస్‌లో పని దొరకలేదా లేక దొరికినా సరిపోవట్లేదా. మీ తమ్ముడు 2025 జనవరిలో వెళ్లాడు కాబట్టి రెండు సెమిస్టర్లతో ఏడాది షరతు తీరినట్టే. క్యాంపస్‌లో అప్లై చేసి రిజెక్ట్ అయిన మెయిళ్లు ఉంటే ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దని చెప్పండి. నాకు డైనింగ్ హాల్లో పని ఉండేది కానీ గంటలు తక్కువ, ఆ పే స్లిప్పులే చూపించాను.

డీఎస్‌ఓ ఒప్పుకుంటే సెవిస్‌లో సిఫారసు పెట్టి కొత్త ఐ-20 ఇస్తారు. దాని మీద సంతకం పడిన 30 రోజుల్లోపు ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు పని పర్మిషన్ అప్లికేషన్ ఐ-765 చేరాలి, కేటగిరీ గడిలో సీ-3-ఐఐఐ. ఓపీటీది వేరే కోడ్, తొందర్లో అది రాసేస్తే పని మొత్తం పాడవుతుంది. 2024 ఏప్రిల్ నుంచి పేపర్ మీద పెడితే ఫీజు 520 డాలర్లు. 2025 అక్టోబర్ 28 తర్వాత వాళ్లు చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం ఆపేశారు. కార్డుతో కట్టాలంటే జీ-1450 ఫారం, అక్కడి బ్యాంకు ఖాతా నుంచి కట్టాలంటే జీ-1650 ఫారం జత చేయాలి. పాత యూట్యూబ్ వీడియోలు చూసి చెక్కు పంపితే ప్యాకెట్ అట్లాగే తిరిగొస్తుంది, 30 రోజులు దాటిపోతాయి.

కార్డు వచ్చాక క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. చదువుకు సంబంధించిన పనే కావాలని లేదు, ముందే ఉద్యోగం చూసుకోవాలని కూడా లేదు. అదే బంకులో పద్ధతిగా పేరోల్ మీద చేయొచ్చు బాబాయ్. ఒకసారికి ఏడాది వరకు ఇస్తారు, కష్టం ఇంకా ఉంటే మళ్లీ పెట్టుకోవచ్చు. ఓపీటీలో ఒక్క రోజు కూడా తగ్గదు. ఒక్క జాగ్రత్త, వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయితే ఈ పర్మిషన్ పోతుంది.

మిర్యాలగూడ_బాబాయ్:

ఓపీటీ తగ్గదన్న సంగతి, ఏ పనైనా చేయొచ్చన్న సంగతి నాకు తెల్వదు బిడ్డా. అట్లైతే ముందు ఇదే చేయమను. కానీ కార్డు రావడానికి నెలలు పడ్తది కదా, ఆ లోపల?

జడ్చర్ల_నుంచి_డల్లాస్:

బాబాయ్ అడిగిందే అసలు ప్రశ్న. దీనికి ప్రీమియం ప్రాసెసింగ్ (ఎక్కువ ఫీజు కట్టి తొందరగా తేల్చుకోవడం) లేదు. తీవ్ర ఆర్థిక నష్టం ఉందని కాగితాలు చూపించి తొందరగా చూడమని రిక్వెస్ట్ పెట్టొచ్చు, వినడం వినకపోవడం వాళ్ల చేతిలో ఉంటుంది. కార్డు చేతికి రాకుండా పని మొదలుపెట్టకూడదు, రసీదు వచ్చింది కదా అనుకోవద్దు.

ఈ లోపల యూనివర్సిటీలోనే వెతుక్కోవాలి. ఫీజు ఆఫీసులో నెలవారీ వాయిదాల ప్లాన్ అడగాలి, చాలాచోట్ల ఉంటుంది. స్టూడెంట్ అఫైర్స్ ఆఫీసులో ఎమర్జెన్సీ ఫండ్ అని చిన్న మొత్తం ఉంటుంది, తిరిగి కట్టక్కర్లేదు. క్యాంపస్ ఫుడ్ ప్యాంట్రీలో బియ్యం, పప్పులు, కూరగాయలు ఉచితంగా ఇస్తారు. దయచేసి దాన్ని బిచ్చంలా చూడొద్దని తమ్ముడికి చెప్పండి, అమెరికన్ పిల్లలు కూడా తెచ్చుకుంటారు. డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్లకు ఇంటి పరిస్థితి రెండు లైన్లలో రాసి గ్రేడర్ పనో, ల్యాబ్ పనో ఉందా అని అడగాలి. సెమిస్టర్ మధ్యలో ఎవరో ఒకరు మానేస్తుంటారు.

వదిలేసి వస్తా అంటున్నాడు అన్నారు కదా, అది మాత్రం విమానం టికెట్ కొనే ముందు డీఎస్‌ఓతో మాట్లాడాకే. చెప్పకుండా క్లాసులు మానేస్తే రికార్డు చెడ్డగా మూసుకుపోతుంది. అనుమతితో వెళ్తే ఆథరైజ్డ్ ఎర్లీ విత్‌డ్రాయల్ అంటారు, 15 రోజుల్లో దేశం వదలాలి, 5 నెలల లోపు తిరిగొస్తే పాత సెవిస్ రికార్డునే తెరిపించుకునే వీలుంటుంది. 5 నెలలు దాటితే కొత్త ఐ-20, మళ్లీ 350 డాలర్ల సెవిస్ ఫీజు, పైగా ఓపీటీకి కావలసిన ఏడాది మళ్లీ మొదటినుంచి. రెండు సెమిస్టర్ల కష్టం అట్లా పోగొట్టుకోవద్దు.

హాలియా_బ్యాంకు:

నేను బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్లు చూస్తాను, ఈ వైపు నుంచి చెప్తాను. అమ్మా, లోన్ శాంక్షన్ అయిన బ్రాంచికి వెళ్లి ఒక లెటర్ అడగండి. మొత్తం శాంక్షన్ ఎంత, ఇప్పటిదాకా ఇచ్చింది ఎంత, మిగిలింది ఎంత, అప్పటి డాలర్ రేటు ఎంత, ఇప్పటిది ఎంత అని అందులో ఉండాలి. ఇది రెండు పనులకు పనికొస్తుంది. మారకం రేటు వల్ల దెబ్బ పడ్డదని అక్కడ తమ్ముడి అప్లికేషన్‌కు సాక్ష్యం, ఇక్కడ లిమిట్ పెంచమని మీరు అడగడానికి ఆధారం. లిమిట్ పెంచడానికి కోర్సు మధ్యలో కూడా అప్లై చేయొచ్చు, తాకట్టు, ఆదాయం చూసి నిర్ణయిస్తారు. ఇస్తారని మాట ఇవ్వలేను, అడగకపోతే మాత్రం రాదు.

రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. ఎడ్యుకేషన్ లోన్ ఏ బ్యాంకులో తీసుకున్నా దీనిలో సగం దరిదాపుల్లోనే ఉంటుంది. కాబట్టి లిమిట్ ఏ కొంచెం పెరిగినా ముందు ఫీజుకు అదే వాడండి, బయట అప్పు ఇంకా తేవొద్దు. కోర్సు నడుస్తున్నప్పుడు, అయిపోయాక కొన్నాళ్లు అసలు కట్టక్కర్లేదు, ఈలోపల కిస్తీ కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే బ్రాంచికి వెళ్లి మీ అగ్రిమెంట్ తీయించి చూడండి.

పంట లోన్ కూడా ఉంటే అది వేరేగా మాట్లాడండి. ప్రకృతి విపత్తులో పంట బాగా నష్టపోయి ప్రభుత్వం ప్రకటించిన చోట, పంట లోన్‌ను టర్మ్ లోన్‌గా మార్చి గడువు పెంచే పద్ధతి రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో ఉంది. మీ మండలం ఆ లిస్టులో ఉందా అని వ్యవసాయాధికారి దగ్గర, బ్యాంకులో రెండు చోట్లా అడగండి. ఇంటి మీద ఆ ఒత్తిడి తగ్గితే తమ్ముడికి పంపడానికి కొంచెమైనా మిగులుతుంది.

బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ వాళ్లయితే, తమ్ముడు వెళ్లేటప్పుడు ఓవర్సీస్ విద్యానిధికి ఎంపికై ఉన్నాడా? 20 లక్షల దాకా ఇచ్చే పథకం అది, రెండో విడతకు ఫస్ట్ సెమిస్టర్ రిజల్ట్ పెట్టాలి. చాలామంది పిల్లలు అది అప్‌లోడ్ చేయకుండా డబ్బులు రాలేదని కూర్చుంటారు.

దేవరకొండ_అక్క:

అందరికీ ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. ఇన్ని రోజుల్లో ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. విద్యానిధికి అప్పట్లో అప్లై చేశాం, లిస్టులో పేరు రాలేదు. తమ్ముడితో రాత్రి మాట్లాడాను, మొదట ఒప్పుకోలేదు, మన ఇంటి సంగతి వాళ్లకెందుకు అన్నాడు. పాలమూరు చెల్లె రాసింది మొత్తం చదివి వినిపించాను. డీఎస్‌ఓకు మెయిల్ పెట్టాడు, వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఇచ్చారు.

ఇప్పుడు నా డౌట్. నాయిన డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లీషులోనే ఉంది. కానీ పంట నష్టం కాగితం, పాస్‌బుక్, అప్పు నోటు అన్నీ తెలుగులో ఉన్నాయి. నోటరీ చేయించి పంపాలా? అప్పు నోటు చూపించాలంటే కూడా భయంగా ఉంది, ఇచ్చినాయన పేరు ఉంది దానిలో.

పాలమూరు_బిడ్డ:

అక్కా, చాలా సంతోషం. నోటరీ అక్కర్లేదు. ఇంగ్లీషులోకి పూర్తిగా అనువాదం చేయాలి, చేసినవాళ్లు తమకు రెండు భాషలూ వచ్చని, అనువాదం పూర్తిగా సరిగ్గా ఉందని రాసి పేరు, సంతకం, అడ్రస్, తేదీ పెట్టాలి. డబ్బులిచ్చి ఏజెన్సీతో చేయించాల్సిన పని లేదు. ఇంట్లోవాళ్లు కాకుండా మీ స్కూల్లో ఇంగ్లీషు టీచర్ ఎవరితోనైనా చేయించండి, నాకు మా లెక్చరర్ చేసిచ్చారు. తెలుగు కాగితం కాపీ, అనువాదం రెండూ పక్కపక్కన పెట్టాలి.

అప్పు నోటు గురించి భయపడకండి, ఆస్పత్రి బిల్లులు, మీ నాయిన బ్యాంకు స్టేట్‌మెంట్ గట్టిగా ఉంటే అది లేకపోయినా నడుస్తుంది. స్టేట్‌మెంట్ తీసేటప్పుడు తమ్ముడు వెళ్లకముందు ఏడాదిది, ఈ ఏడాదిది రెండూ తీయండి. ముందు పత్తి డబ్బులు పడ్డట్టు, ఇప్పుడు పడనట్టు కనిపించాలి. ఎందుకంటే కష్టం ఎఫ్-1 స్టేటస్ వచ్చిన తర్వాత వచ్చిందని, ముందు ఊహించలేనిదని చూపించడమే ఇక్కడ ముఖ్యం. వెళ్లేటప్పుడే డబ్బులు లేవు అన్నట్టు లేఖలో ఒక్క వాక్యం ఉన్నా అప్లికేషన్ తిరస్కరించే ప్రమాదం ఉంది. లేఖ తమ్ముడే రాయాలి, ఒకటిన్నర పేజీ చాలు. ఏ నెలలో ఏం జరిగింది, నెలకు ఎంత వచ్చేది, ఇప్పుడు ఎంత వస్తోంది, కిరాయి ఎంత, ఫీజు ఎంత బాకీ, అంకెలు సూటిగా. ఏడుపు అక్కర్లేదు, అంకెలే మాట్లాడతాయి.

దేవరకొండ_అక్క:

సరే చెల్లె. రేపు పొద్దున వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్తున్నా, మధ్యాహ్నం బ్యాంకుకు.

హాలియా_బ్యాంకు:

వ్యవసాయాధికారి ఇచ్చే కాగితం మీద సర్వే నంబర్, నష్టం శాతం, పరిశీలించిన తేదీ, ఆఫీసు ముద్ర నాలుగూ ఉన్నాయా అని అక్కడే చూసుకోండి అమ్మా, మళ్లీ తిరగాల్సి రాకుండా. పాస్‌బుక్ మీద పేరు, తమ్ముడి పాస్‌పోర్టులో తండ్రి పేరు ఒకే స్పెల్లింగ్‌తో లేకపోతే, ఇద్దరూ ఒకరే అని తహసీల్దార్ ఆఫీసులో ఒక సర్టిఫికెట్ కూడా అదే రోజు అడిగేయండి. బ్యాంకుకు రెండు గంటల లోపు వస్తే మంచిది, తర్వాత మేనేజర్లు ఫీల్డ్‌కు వెళ్తారు.